మొదటి అక్షరానికి ముందున్న మడత

నేను ముప్పై నాలుగో ఏట రిటైరయ్యాను. దండలు, శాలువాలు లేవు. ప్రాజెక్టు గడువు ముగిసిందని నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు, అంతే. పరిశోధనశాలల్లో ప్రాజెక్టు ఉద్యోగులు మూడేళ్ళకోసారి ఇలా రిటైరవుతూ, మళ్ళీ ఇంకో ప్రాజెక్టులో పుడుతూ ఉంటారు. మూడో విడత అయ్యాక నేను పుట్టడం మానేశాను.

ఢిల్లీలో తొమ్మిదేళ్ళు ఆర్ఎన్ఏతో పనిచేశాను. ఎమ్మెస్సీ పూర్తిచేసి, అక్కడి ద్వారక కాలనీలో ముగ్గురితో కలిసి ఫ్లాటు తీసుకుని, రేపో మాపో అలాంటి ల్యాబులో చేరబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఫెలోషిప్పు ఫారాలు ఎలా నింపాలో మీ సీనియర్లు చెబుతారు. వాళ్ళకి బాగా వచ్చిన పని అదే. నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం నేనే చెప్పాలి.

మాట్లాడకూడని బల్ల

చేరిన మొదటి రోజు రామ్‌ధన్ భయ్యా నన్ను ల్యాబు మూలనున్న ఒక బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన మా టెక్నీషియన్. నేను పుట్టకముందు నుంచీ అక్కడ గొట్టాలు కడుగుతున్నాడు, డాక్టరేట్లు కడుగుతున్నాడు. "ఇక్కడ మాట్లాడకూడదు" అన్నాడు హిందీలో. ఎందుకని అడిగాను. "అడగడం కూడా మాట్లాడటమే" అన్నాడు.

కారణం తర్వాత తెలిసింది. ఆర్ఎన్ఏ మహా సుకుమారం. దాన్ని ముక్కలు చేసే ఎంజైములు మన చేతుల మీద, చెమటలో, నోటి తుంపరలో ఉంటాయి. మూతలేని గొట్టం మీద ఒక జోకు వేస్తే వారం పని పోతుంది. నన్ను నోరుమూసుకోమన్నవాళ్ళు అంతకుముందూ చాలామంది ఉన్నారు గానీ, శాస్త్రీయమైన కారణం చూపించింది ఆ బల్ల ఒక్కటే.

ఇంతకీ ఆర్ఎన్ఏ ఏమిటో మా అమ్మకి చెప్పినట్టే మీకూ చెబుతాను. డీఎన్ఏ ఇంట్లో బీరువాలో ఉన్న వంటల పుస్తకం. ఆర్ఎన్ఏ అందులోంచి ఒక వంటకాన్ని రాసుకుని వంటగదిలోకి తెచ్చుకునే చీటీ. ఆ చీటీ చదివి కణం ప్రోటీన్ వండుతుంది. పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. కానీ చీటీ చదునుగా పడి ఉండదు. తన మీద తనే మడతపడి, కొన్నిచోట్ల తలపిన్నులా వంగి, ముడులు వేసుకుంటుంది. ఆ మడతలు కూడా మాట్లాడతాయి. ఎప్పుడు వండాలి, ఎంత వండాలి, ఎప్పుడు పొయ్యి ఆపాలి అని చాలాసార్లు చెప్పేది అవే. మా పక్క ల్యాబువాళ్ళు కాలేయాన్ని పాడుచేసే ఒక వైరస్ మీద పనిచేసేవారు. దాని ఆర్ఎన్ఏ ముందుభాగం ఎంత గడుసుగా మడతపడుతుందంటే, ఆ మడతతోనే మన కణం వంటగదిని లాక్కుంటుంది. అక్షరాలు చదివి ఆర్ఎన్ఏ తెలిసిపోయిందనుకోవడం మనిషిని ఆధార్ కార్డులో చూసి పెళ్ళికి ఒప్పుకోవడం లాంటిది. జరుగుతుంది, కానీ తర్వాత ఆశ్చర్యాలుంటాయి.

ఇద్దరు బాసులు

నా మొదటి బాస్ ఒక పెద్దమనిషి. ఫలితం బాగుంటే "నేను" అనేవారు, ఫలితం పాడైతే "మనం" అనేవారు, పైనుంచి ఎవరైనా అడిగితే "ఈ అమ్మాయి" అనేవారు. ఆయన దగ్గర వ్యాకరణం నేర్చుకున్నాను, శాస్త్రం కాదు.

రెండో బాస్ మల్హోత్రా మేడమ్. ఒంటి గంటకి స్టీలు టిఫిను విప్పేది. ఆ సమయంలో ల్యాబులో అందరూ ఆమె గదిలోనే తినాలి, పని గురించి మాట్లాడకూడదు. ఆ నియమాన్ని రోజూ మొదట తప్పేది ఆమే. కోపం వస్తే గొంతు తగ్గేది. పూర్తిగా వినపడటం మానేస్తే సెలవు పెట్టుకోవడం మంచిదని రామ్‌ధన్ భయ్యా సలహా.

మా ప్రాజెక్టు శరీరంలో ఇనుము గురించి. పెద్దాసుపత్రుల నుంచి ఒంట్లో ఇనుము ఎక్కువైందని అనుమానం ఉన్నవాళ్ళ రక్తం వచ్చేది. దానికి కారణమయ్యే జన్యువుల్లో అక్షరదోషాలున్నాయేమో నేను చదివి చెప్పాలి. రిపోర్టు మీద సంతకం నాదొకటి, మేడమ్‌ది ఒకటి.

హవల్దార్ సింహాచలం

ఒక రోజు గేటు దగ్గర నుంచి ఫోను. ఎవరో ఫౌజీ వచ్చాడు, మీ పేరే చెబుతున్నాడు అని. దిగి వెళితే ఇస్త్రీ చొక్కా, పాలిపోయిన ముఖం, చేతిలో ప్లాస్టిక్ కవరు. కవర్లో నేను రాసిన రిపోర్టు.

"బొడ్డేపల్లి నాగమణి అంటే మీరేనా మేడమ్‌గోరూ? ఇంటిపేరు సూసి మనోళ్ళే అనుకున్నాను. నాది ఆమదాలవలస కాడ."

నాది కూడా దాదాపు అక్కడే. ఢిల్లీలో ఆ మాట అన్నాక టీ తాగించకుండా పంపడానికి వీల్లేదు. క్యాంటీన్లో కూర్చోబెట్టాను.

ఆయన పేరు సింహాచలం, కంటోన్మెంటులో హవల్దారు. ఏటా జరిగే పరీక్షల్లో ఫెరిటిన్ చాలా ఎక్కువ వచ్చింది. ఫెరిటిన్ అంటే శరీరం ఇనుము దాచుకునే పెట్టె. పెట్టెలు ఎక్కువున్నాయంటే ఇనుము ఎక్కువుందని, కాలేయం చెడిపోతుందని డాక్టర్లు భయపడ్డారు. ఒంట్లోంచి ఇనుము తీయడానికి ఉన్న పద్ధతి పాతదే. రక్తం తీసేయడం. పదిహేను రోజులకోసారి ఒక సీసా తీస్తున్నారు.

"మీ రిపోర్టులో ఏటీ దొరకనేదని రాసినారు కదా. దొరకనప్పుడు రగతం ఎందుకు తీస్తన్నారు?"

"అది డాక్టరుగారిని అడగాలండీ."

"అడిగినాను. కారణం తెల్దు గావట్టి ఇంకా జాగర్తగా తియ్యాలన్నారు."

అదీ వరస. నేను "మార్పు కనపడలేదు" అని రాసిన ఆ ఒక్క వాక్యం, ఆయన చేతిలో సూది అలాగే ఉండటానికి కారణం అయింది. అప్పటికి నాకది తెలియదు. టీ బాగుందా అని అడిగాను.

"పరిగెట్టలేకపోతన్నాను మేడమ్‌గోరూ. ఇరవై ఏళ్ళ సర్వీసులో నా ఎనకాల కుర్రోళ్ళు పరిగెట్టినారు. ఇప్పుడు నాను ఆళ్ళ ఎనకాల నడుస్తన్నాను. ఆరు వారాల్లో మెడికల్ బోర్డు. కేటగిరీ తగ్గితే నాయిబ్ సుబేదార్ ప్రమోషను లిస్టులో నా పేరు ఉండదు. ఈ ఏడాది తప్పితే సర్వీసే అయిపోద్ది, ఇంటికే."

పైవారం ఫోను చేయండి, మేడమ్‌తో మాట్లాడి ఉంచుతాను అన్నాను. చేయగలిగింది ఏమీ లేనప్పుడు మేమందరం చెప్పే మాట అది.

"పైవారం కుదరదు. పాపకి కన్ను ఆపరేషను. మోతియాబింద్, అదే, కంట్లో సుక్లం."

"ఎంత వయసండీ?"

"తొమ్మిది. మా ఇంట్లో అందరికీ ఇంతే. నాకు ముప్పై ఒకటికి ఒక కన్ను కోసినారు. మా అమ్మకి అంతకన్నా ముందే. మావోళ్ళకి కళ్ళు తొందరపడి ముసలైపోతాయి."

నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తర్వాత చాలా రోజులు గుర్తొచ్చింది. మా ఫారంలో కుటుంబంలో కాలేయ వ్యాధులు, మధుమేహం, తాగుడు అన్నిటికీ గళ్ళున్నాయి. కళ్ళకి గడి లేదు.

ఎక్కడ్నుంచి చదివావు

ఒంటి గంటకి మేడమ్ గదిలో ఆ సంగతి ఒక విశేషంలా చెప్పాను. రిపోర్టు మీద ఇంటిపేరు చూసి ఊరివాళ్ళు టీకి వస్తున్నారు, ఇక పెళ్ళి సంబంధాలే తరువాయి అన్నాను. తొమ్మిదేళ్ళ పాపకి కంటిలో శుక్లాలట అని కూడా చివర్లో కలిపాను.

మేడమ్ చేతిలోని రొట్టె ముక్క కిందపెట్టింది.

"ఆయనకి ఫెరిటిన్ ఎక్కువ, ఇంటిల్లిపాదికీ చిన్నప్పుడే శుక్లాలు. మిగతా ఇనుము పరీక్షలు?"

"మామూలే మేడమ్. ఫారంలో ఉంది."

"ఫెరిటిన్ జన్యువు చదివావా?"

"చదివాను. మొదట్నుంచి చివరిదాకా. ఒక్క తప్పు లేదు."

"ఎక్కడ మొదట్నుంచి?"

గొంతు తగ్గింది. రామ్‌ధన్ భయ్యా తన టిఫిన్ మూతపెట్టాడు.

"ప్రోటీన్ మొదలయ్యే అక్షరం దగ్గర్నుంచి మేడమ్."

"దానికి ముందు?"

"ముందు... ప్రోటీన్ లేదు కదా మేడమ్."

"అచ్ఛా," అంది, దాదాపు వినపడకుండా. "వంటల పుస్తకంలో వంట ఒక్కటే చదివావు. పైన 'ముందు పొయ్యి ఆపండి' అని రాసుంటే అది వంట కాదని వదిలేశావు."

ఆ తప్పు మా జాతివాళ్ళే చేయగలరు. మామూలు మనిషి పుస్తకం చేతికిస్తే మొదటి పేజీ నుంచి చదువుతాడు. మేము ఎమ్మెస్సీలు చదివి, ప్రోటీన్ అయ్యే భాగమే ముఖ్యమని నేర్చుకుని, మొదటి అక్షరానికి ముందున్నదాన్ని కత్తిరించి పారేసేవాళ్ళం. అది ల్యాబు ఆచారం. నాకు ముందున్నవాళ్ళు అలాగే చేశారు, నేనూ చేశాను. నా తర్వాత వచ్చినవాళ్ళకి నేర్పాను కూడా.

ఫెరిటిన్ చీటీలో ఆ ముందుభాగంలోనే ఒక తలపిన్ను మడత ఉంటుంది. ఒంట్లో ఇనుము తక్కువున్నప్పుడు ఒక కాపలా ప్రోటీన్ వచ్చి ఆ మడతని పట్టుకుని కూర్చుంటుంది. దాచడానికి ఏమీ లేనప్పుడు పెట్టెలెందుకు, ఆపండి అని. మడతలో ఒక్క అక్షరం మారినా దాని ఆకారం చెడి కాపలావాడికి పట్టు దొరకకపోవచ్చు. అప్పుడు ఇనుముతో సంబంధం లేకుండా పెట్టెలు తయారవుతూనే ఉంటాయి. అవి రక్తంలో తేలుతాయి, కంటి కటకంలో పేరుకుని చుక్కలు కడతాయి. వరండాలో ఖాళీ గ్యాసు సిలిండర్లు చూసి ఈ ఇంట్లో గ్యాసు ఎక్కువైంది, తీసుకుపోండి అన్నట్టు, పెట్టెలు లెక్కపెట్టి ఆ మనిషి రక్తం తీస్తున్నారు.

ఇది మేము కనిపెట్టిన జబ్బేమీ కాదు. ఇతర దేశాల్లో అప్పటికే రాశారు. మేడమ్‌కి తెలుసు. నాకు తెలియదు. తెలిసిన ఆమె కూడా నా రిపోర్టు మీద సంతకం పెట్టింది.

నేను ఏదో సంజాయిషీ మొదలుపెట్టాను. "ఆపు," అంది. "ఎక్కడ్నుంచి చదివావని అడగకుండా సంతకం పెట్టినదాన్ని నేను. ఆసుపత్రికి ఈరోజే ఫోను చేసి చెబుతాను, ఆ రిపోర్టు అసంపూర్తి, మళ్ళీ చదివేదాకా వీలైతే రక్తం ఆపండి అని."

అప్పుడే చేసింది, మా ముందే. తొమ్మిదేళ్ళలో ఒక పెద్ద శాస్త్రవేత్త ఫోనులో "మా రిపోర్టు తప్పు" అనడం నేను విన్నది ఆ ఒక్కసారే. కొంప మునగలేదు. అవతల డాక్టరు థాంక్యూ అన్నాడట.

వేడిచేయని చీటీ

ముందుభాగం చదవడానికి వారం పట్టింది. సింహాచలంగారికి మడత మధ్యలో ఒక అక్షరం మారి ఉంది. ఆపరేషను కోసం ఆసుపత్రిలో ఉన్న పాప కుసుమ రక్తం కూడా వాళ్ళ అనుమతితో తెప్పించాం. అదే అక్షరం. రక్తం కోసం వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్న నన్ను తెలుగులో పరిచయం చేశాడు, కుసుమ హిందీలో నన్ను ఒకటే అడిగింది. "ఆంటీ, మీరు కూడా కోస్తారా?" లేదు, ఒక చిన్న సీసా తీసుకుపోతాం అన్నాను. నాన్నకి కూడా మొదట అలాగే చెప్పారు అంది.

అక్షరం దొరికింది కదా, ఉత్తరం రాసేద్దాం అన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. బోర్డులో కూర్చునే డాక్టర్లు ప్రోటీన్లో మార్పు లేదు కదా అంటారు, ఆ మడత కాపలావాడికి నిజంగా పట్టు ఇవ్వడం లేదని చూపించు అంది. మిగిలింది మూడు వారాలు.

రెండు రకాల ఆర్ఎన్ఏ తయారుచేశాను. మామూలు మనిషిది ఒకటి, సింహాచలంగారిది ఒకటి. కాపలా ప్రోటీన్‌తో కలిపి జెల్‌లో పరిగెత్తిస్తే, పట్టుబడిన ఆర్ఎన్ఏ బరువెక్కి వెనకబడుతుంది, పట్టుబడనిది తేలిగ్గా ముందుకు పోతుంది. జెల్ మీద పెట్టిన ఫిల్ము కడిగి చూశాను. రెండూ పట్టుబడలేదు. మామూలుది కూడా. అంటే నా లెక్క ప్రకారం ప్రపంచంలో అందరికీ ఈ జబ్బుంది.

కాపలా ప్రోటీన్ చచ్చిందని తేల్చేశాను. కొత్తది తయారుచేయాలంటే నెల. బోర్డు అయిపోతుంది, ఆయన ఇంటికి పోతాడు, నేను ఊరెళితే ఆమదాలవలస స్టేషన్లో ఎదురుపడతాడు. ఇలా చాలా దూరం ఆలోచించాను. రామ్‌ధన్ భయ్యా నా భుజం మీదుగా ఫిల్ము చూశాడు.

"గరమ్ కియా థా?"

వేడిచేశావా అని. చేయలేదు. ఫ్రీజర్లోంచి తీసి నేరుగా పోసేశాను. చాలా రోజులు గడ్డకట్టి ఉన్న ఆర్ఎన్ఏ పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి, వంకరగా ముడిపడతాయి. వాడేముందు మరిగే నీళ్ళంత వేడిలో రెండు నిమిషాలు ఉంచి ముడులు విప్పి, టక్కున మంచులో పెట్టి, ఆ తర్వాత మెగ్నీషియం ఉప్పు కలిపితే అప్పుడు తన సొంత మడత తను పడుతుంది. చేరిన మొదటి వారంలోనే ఆయన నేర్పిన పాఠం. ఆ రోజు వినకుండా ఏం చేస్తున్నానో గుర్తులేదు. బహుశా మాట్లాడుతూ ఉండి ఉంటాను.

మళ్ళీ చేశాను. మామూలు ఆర్ఎన్ఏ పట్టుబడి వెనక ఆగిపోయింది. సింహాచలంగారిది, మనిషి పరిగెత్తలేకపోతున్నా, జెల్‌లో మాత్రం దూసుకుపోయింది.

"ఠీక్ హై," అన్నాడు రామ్‌ధన్ భయ్యా. మా ల్యాబులో అంతకంటే పెద్ద సన్మానం లేదు.

అరపేజీ

బోర్డుకి ఉత్తరం నాలుగు పేజీలు రాశాను. మడత బొమ్మలు మూడు, రంగుల్లో. మేడమ్ అరపేజీ చేయమంది. నా శాస్త్రమంతా పోతుందని వాపోయాను. "ఇది నీ కోసం రాస్తున్నావా, ఆయన కోసమా?" అంది. అరపేజీ అయింది. ఇది ఇనుము ఎక్కువైన జబ్బు కాదు, పెట్టెలు ఎక్కువైన లక్షణం, రక్తం తీయవద్దు, పిల్లల కళ్ళు చూపించండి. ఇంతే. మీరు ఉద్యోగంలో ఏమి నేర్చుకున్నా నేర్చుకోకపోయినా అరపేజీ రాయడం నేర్చుకోండి. దానికి ఎవరూ డిగ్రీ ఇవ్వరు.

ఉత్తరం తీసుకుని ఆసుపత్రికి మేడమ్, నేను వెళ్ళాం. రక్తం చూసే డాక్టరు ఒక కల్నల్, మర్యాదస్తుడు. రెండుసార్లు చదివాడు.

"అంటే ఆయన ఒంట్లో ఐరన్ ఎక్కువ లేదంటారు."

"పెట్టెలు సార్. దాదాపు ఖాళీవి."

"మరి ఇన్ని నెలలు మేము ఏం తీశాం?"

"రక్తం సార్."

మేడమ్ బల్ల కింద నా కాలు తొక్కింది. కల్నల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, "కరెక్టే" అన్నాడు. అక్కడే ఫోనెత్తి రక్తం తీయడం పూర్తిగా ఆపేయమన్నాడు. బోర్డుని రెండు నెలలు వెనక్కి జరపమని తనే రాశాడు. ఆ తర్వాత కూడా ఆయన మాకు రోగులని పంపేవాడు, ఫారంలో కళ్ళకి ఒక గడి చేతితో గీసి మరీ పంపేవాడు. తప్పు తెలిశాక మనుషులు ఎలా ఉంటారో చూసి వాళ్ళని అంచనా వేయండి. తప్పు ముందు అందరం బాగానే ఉంటాం.

తీసిన రక్తానికి సింహాచలంగారి ఒంట్లో ఉన్న ఇనుము కూడా అయిపోయింది. ఇనుము ఎక్కువైందని చేరిన మనిషికి ఇనుము మాత్రలు రాశారు. వాళ్ళావిడ నాకు ఫోను చేసి, "ఏటమ్మా, ఈయనకి ఎక్కువా తక్కువా? నాను పాలకూర ఎట్టాలా మానాలా?" అని అడిగింది. పెట్టమన్నాను. ఆవిడకి నమ్మకం కుదరలేదు. మేడమ్‌తో కూడా చెప్పించమంది. మేడమ్ హిందీలో పాలకూర అంది, ఆవిడ తెలుగులో సరే అంది.

కుసుమకి రెండు కళ్ళ ఆపరేషనూ అయింది. బోర్డు మాట ఆ రెండు నెలలూ ఎవరం ఎత్తలేదు. నేను రోజూ ఏదో ఒక జెల్ పోస్తూ, ఉత్తరంలో ఇంకో అరపేజీ కలిపి ఉండాల్సిందా అని ఆలోచిస్తూ ఉండేదాన్ని. కలపకపోవడమే మంచిదైంది. కేటగిరీ మళ్ళీ మామూలుకి వచ్చిందని, పేరు పైకి పంపారని సింహాచలంగారు ఒక మాట కబురు చేశాడు. తర్వాత యూనిట్ ఎటో మారింది.

ఏడాది తర్వాత ఒక ఆదివారం సరోజినీ నగర్లో కుర్తా బేరమాడుతుంటే ఫోను మోగింది. కొత్త నంబరు. వెనకాల మైకులో ఎవరో పేర్లు పిలుస్తున్నారు.

"మేడమ్‌గోరూ, నాయిబ్ సుబేదార్ సింహాచలం మాట్లాడతన్నాను."

హోదా చెప్పడం కోసమే చేశాడనుకున్నాను. శుభాకాంక్షలు చెప్పాను. పరిగెడుతున్నారా అని అడిగాను.

"పరిగెడతన్నాను, పరిగెట్టిస్తన్నాను. అది కాదు, అర్జెంటుగా ఒక సంగతి. మా యూనిట్‌లో రక్తదానం క్యాంపు ఎట్టినారు. డాక్టరు నా ఏలు గుచ్చి సూసి, రగతం బెమ్మాండంగా ఉంది సాబ్, ముందు మీరే ఇయ్యండి, జవాన్లు సూసి వస్తారు అంటన్నాడు. ఇచ్చీమంటారా?"

"వద్దండీ. మీ ఒంట్లో ఇనుము ఇప్పుడిప్పుడే కుదురుకుంది. రక్తం తీయవద్దని కల్నల్‌గారు రాసిచ్చిన కాగితం చూపించండి."

"కాయితం జేబులోనే ఉంది. అయినా మీ నోట ఇంటే ధైర్యం."

ఫోను పెట్టేయడం మర్చిపోయాడు. ముందు కాగితం మడత విప్పిన చప్పుడు వినిపించింది, తర్వాత పక్కనున్నవాళ్ళతో హిందీలో, పరేడులో పలికినంత గట్టిగా ఆయన మాట.

"నహీ సాబ్. నా కోటా ఎప్పుడో పూర్తయిపోయింది."